పైన పగ్గం ఎవరు పట్టుకున్నారు?

నాకు సినిమా అంటే ఒకే చోట జరగాలి. లిఫ్టు కావచ్చు, రైలుపెట్టె కావచ్చు, తాళం పడిన కోల్డ్ స్టోరేజీ కావచ్చు. తలుపు మూసుకోవాలి, లోపల ఎవరో ఇరుక్కోవాలి, రెండు గంటల్లో సంగతి తేలిపోవాలి. నడుమ మంచు కొండల్లో పాట వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకునే నడివయసు ఆడమనిషికి ఈ నెత్తురూ చెమటా కారే సినిమాల పిచ్చి ఏమిటని మా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆశ్చర్యమే. మా ఆయన కుటుంబకథల మనిషి. తెర మీద అన్నాచెల్లెళ్ళు ఎదురుపడితే చాలు, తువ్వాలు వెతుక్కుంటారు. నా సినిమా మొదలయ్యేసరికి "మీ గుద్దులాటలు మీరు చూసుకోండి" అని లోపలి గదిలోకి వెళ్ళి పడుకుంటారు.

ఆయన 'మీరు' అన్నది నన్నూ, నా పక్కన చాప మీద కూర్చున్న మా అమ్మనూ కలిపి.

కడపలో ఎండాకాలం ఆదివారం మధ్యాహ్నం బయట అడుగు పెట్టే పని ఉండదు. వీధిలో కుక్క కూడా కనిపించదు. కిటికీలు మూసి, పరదాలు లాగి, కూలరులో నీళ్ళు పోసుకుంటే మా హాలే ఒక మూసిన పెట్టె అవుతుంది. ఆ పెట్టెలో కూర్చుని ఇంకో పెట్టెలో ఇరుక్కున్నవాళ్ళను చూడటం నాకు చెప్పలేనంత ఇష్టం. ఎందుకని నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. బయటి లోకంలో దేనికీ గోడలుండవు. కాలేజీలో ఒక మీటింగులో తేలని విషయం ఇంకో మీటింగుకు పోతుంది, అక్కడా తేలదు. నీళ్ళ ట్యాంకరు వస్తుందంటారు, రాదు, ఎవరి మీద అరవాలో కూడా తెలియదు. ఆ సినిమాల్లో అలా కాదు. కష్టం ఎక్కడుందో తలుపూ అక్కడే ఉంటుంది. చేతికి దొరికిందే ఆయుధం, బెల్టో, గరిటో, బూటు తాడో. ఆలోచించే వ్యవధి ఉండదు కాబట్టి మనిషి అసలు రంగు బయటపడుతుంది. మొదట్లో సూటు వేసుకుని పెద్ద మాటలు చెప్పినవాడు అందరినీ తోసుకుని ముందు దూరతాడు. మూలన నక్కినవాడు వెనక్కి తిరిగి చెయ్యి అందిస్తాడు. వాళ్ళు ఊపిరి బిగబడితే నేనూ బిగబడతాను. తలుపు తెరుచుకోగానే నాకూ ప్రాణం లేచొస్తుంది. వారమంతా బిగుసుకుపోయిన నా మెడ ఆ రెండు గంటల్లో వదులవుతుంది. దీన్ని పిచ్చి అంటే అనండి, నాకు మాత్రం అది మందు.

మా అమ్మ చూసేది నాలాగా మైమరచి కాదు, తప్పులు పట్టడానికి. కథ ఏదైనా సరే, హీరో ఏ గుంతలోకో గొట్టంలోకో దిగడం మొదలుపెట్టగానే ఆమె మొదటి ప్రశ్న ఒకటే.

"వాడొక్కడే దిగుతాండాడు గదా, పైన పగ్గం ఎవరు పట్టుకున్యారు?"

"ఎవరూ లేరమ్మా. వాడొక్కడే. అదే గదా కథ."

"కథయితే మాత్రం? బుద్ధుండొద్దా వానికి?"

నేను నవ్వేదాన్ని. ఆ మాట ఆమెకు ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. మా అమ్మది ఆదోని వైపు పల్లె. ఆమె చిన్నప్పుడు అక్కడ జొన్నలను పాతరల్లో దాచేవాళ్ళు. ఇంటి ముందు నేలలోకి లోతుగా గుంత తవ్వేవాళ్ళు. మూతి ఒక మనిషి పట్టేంతే, లోపల మాత్రం గదంత. చుట్టూ జొన్నసొప్ప పరిచి, గింజలు పోసి, పైన బండ మూసి మట్టి మెత్తేవాళ్ళు. గింజకు ఏమీ కాదు. ప్రమాదమంతా తిరిగి తీసేటప్పుడే. మూసిన గుంతలో గాలి చెడిపోయి ఉంటుంది, తొందరపడి దిగిన మనిషి అక్కడికక్కడే పడిపోతాడు. అందుకని బండ తీసి చాలాసేపు వదిలేసి, తాడుకు దీపం కట్టి దించి, అది ఆరకుండా ఉంటేనే మనిషిని దించేవాళ్ళు. దిగేవాళ్ళ నడుముకు పగ్గం, అంటే ఎద్దులను కట్టే తాడు, కట్టేవాళ్ళు. దాని రెండో కొస పైన ఒకరి చేతిలో ఉండాలి.

మా అమ్మ సన్నగా, పొట్టిగా ఉండేదట. పాతర మూతిలో సులువుగా పట్టేది కాబట్టి గంపలకు జొన్నలు ఎత్తడానికి ఆమెను దించేవాళ్ళు. పైన పగ్గం పట్టుకునేది మా తాత. లోపల ఎంత అరిచినా ఆ సొప్ప మాటను మింగేస్తుంది, పైకి రాదు. అందుకని లోపలున్నవాళ్ళు కాసేపటికోసారి పగ్గాన్ని గుంజాలి. గుంజితే 'ఉన్నాను, బాగున్నాను' అని అర్థం. గుంజుడు రాలేదంటే పైవాళ్ళు ఏమీ అడగరు, ఉన్నపళంగా లాగేస్తారు.

ఒకసారి అమ్మ వెచ్చటి జొన్నల్లో కాళ్ళు దూర్చుకుని ఆడుకుంటూ గుంజడం మరిచిపోయింది. తాత ఒక్క ఊపున లాగేశాడు. మూతి అంచుకు గీసుకుని ఆమె మోచేతులు రెండూ చీరుకుపోయాయి. పైకి వచ్చిన బిడ్డను ముందు చెడామడా తిట్టి, తర్వాత వీధిలో అందరూ చూస్తుండగానే గుండెకు హత్తుకుని ఏడ్చాడట. "మా నాయన ఏడ్సంగా చూసింది ఆ ఒక్కసారే" అంటుంది అమ్మ. ఆ తర్వాత ఎప్పుడు దిగినా పగ్గం గుంజడం మరవలేదు. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. సినిమా నడుస్తుండగా చెప్పడం మొదలుపెడితే మాత్రం చిరాకు పడేదాన్ని.

ఈ మధ్య అమ్మ ఎడమచేతిలోంచి గ్లాసు జారిపోవడం మొదలైంది. మొదట్లో వయసు అనుకున్నాం. తర్వాత ఎడమకాలు ఈడ్చడం మొదలైంది. ఒకరోజు గుమ్మం దాటి లోపలికి వచ్చింది, చెప్పు మాత్రం గుమ్మం అవతలే ఉండిపోయింది. కాలి నుంచి ఊడిపోయిన సంగతి ఆమెకే తెలియలేదు. ఎవరినీ తోడు పిలవకుండా ఏటా బస్సెక్కి ఒంటిమిట్టకు పోయి కల్యాణం చూసొచ్చే మనిషి మా అమ్మ. మాకు తీరిక ఉందా అని కూడా చూసేది కాదు.

కర్నూలులో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఆమె కాళ్ళూ చేతులూ తట్టి చూసి, మెడలో నరం నొక్కుకుపోతున్నట్టుందన్నాడు. ఎక్కడ, ఎంత అన్నది స్కానింగులో చూడాలి. ఆ పెద్ద గొట్టంలో పడుకోబెట్టి తీసేది. "ఆలస్యం చేయొద్దమ్మా. ఇప్పుడైతే నడక కాపాడుకోవచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు, నాకు ఇంక ఏమీ వినపడలేదు.

స్కానింగ్ సెంటరులో ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు, అమ్మ ముక్కుపుడక తీయడానికే సబ్బు రాయాల్సి వచ్చింది. మిషను నడిపే అబ్బాయి మర్యాదస్తుడు. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, ముఖం మీద బోనులాంటిది బిగించి, చేతిలో రబ్బరు బంతి ఒకటి పెట్టాడు.

"అవ్వా, కదలొద్దు. ఇది నొక్కితే మాకు తెలుస్తాది, ఎంటనే వస్తాము" అన్నాడు.

"అట్లనేప్పా" అంది అమ్మ.

నేను అద్దం ఇవతల కూర్చున్నాను. బల్ల లోపలికి జరిగింది. చప్పుడు మొదలైంది. కాసేపటికే ఇవతల గంట మోగింది. అబ్బాయి మిషను ఆపి, పరుగెత్తి, బల్ల బయటికి లాగాడు. ఏమైందని అడిగితే అమ్మ ఏమీ కాలేదంది. మళ్ళీ లోపలికి పంపాడు. మళ్ళీ గంట. మళ్ళీ బయటికి. ఈసారి అమ్మ ముఖం పాలిపోయి ఉంది. ఇంకోసారి ప్రయత్నించినా అదే తంతు. ఆ అబ్బాయి చెమట తుడుచుకున్నాడు.

"మేడమ్, అవ్వకు శానా భయముండాది. శానామంది పరేషాన్ అవుతారు దీన్లో. మత్తిచ్చి తీయాల్సిందే" అన్నాడు.

"నాకు భయమేం లేదు" అంది అమ్మ.

ఎవరు నమ్ముతారు? నేనూ నమ్మలేదు. మత్తు సంగతి అడిగితే డాక్టరు తల అడ్డంగా ఊపాడు. అమ్మకు ఆయాసం ఉంది. మత్తు ఆమె ఊపిరికి మంచిది కాదు. వచ్చే వారం మెలకువగానే ఇంకోసారి చూద్దాం, ఈలోగా ధైర్యం చెప్పండి అన్నాడు. ధైర్యం చెప్పడం నాకు చేతనైతే గదా! తిరుగు బస్సులో నంద్యాల దాటేవరకు సణుగుతూనే ఉన్నాను. పాతరలో దిగినదానివి, ఆ గొట్టంలో కాసేపు పడుకోలేవా అని దెప్పాను. అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమెకు కోపం వస్తే మాట రాదు, మెడ తిరుగుతుంది. ఆ నొప్పి మెడతోనే అంత బిగుసుకుని తిరిగిందంటే ఎంత కోపమో చూడండి.

ఆ వారమంతా నాకు మనసు మనసులో లేదు. అమ్మ స్నానాల గదిలోకి వెళ్తే తలుపు బయట నిలబడేదాన్ని. ఆమె నడిచే చప్పుడులో ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చుకుంటూ వినిపించేది. ఏ క్షణాన ఆ చప్పుడు ఆగిపోతుందోనని భయపడేదాన్ని.

ఆదివారం వచ్చింది. ఇద్దరికీ మాటలు లేకపోయినా సినిమా మాత్రం మానలేదు. తెలుగులోకి మార్చిన ఏదో విదేశీ సినిమా. పాత నూనె ఫ్యాక్టరీలో పెద్ద ఇనుప తొట్టి, దాని అడుగున చిక్కుకున్న ఒక మనిషి, బయట వెతుకుతున్న అతని స్నేహితుడు, వాళ్ళిద్దరినీ తరుముతున్న ముఠా. లోపలివాడి నడుముకు, మీట నొక్కితే బయట దీపం వెలిగే చిన్న యంత్రం. కష్టం వస్తే మీట నొక్కు, నీ దగ్గరికి వస్తాను అని స్నేహితుడు ముందే చెప్పి ఉన్నాడు. తొట్టిలోకి నూనె చేరుతోంది. వాడు గోడల మీద జారుతున్నాడు, గోళ్ళు విరుగుతున్నాయి. మీట నొక్కితే ఆ వెలుగు ముఠాకూ కనిపిస్తుందని నొక్కడం లేదు. నేను చాప అంచు పట్టుకుని కూర్చున్నాను.

అమ్మ వల్ల కాలేదు. "నొక్కడే! వాడు నొక్కనే నొక్కడే! ఉండాడో సచ్చినాడో బయటోనికి ఎట్ల తెలుస్తాది?" అంది.

"కష్టం వస్తే నొక్కమన్నాడమ్మా. కష్టాన్ని ఓర్చుకుంటున్నాడు."

"కష్టమొస్తే నొక్కడమేంది? కష్టమొచ్చినాక చెయ్యి లేస్తాదా? బాగుండంగానే నొక్కల్ల. బాగుండానని నొక్కల్ల. నొక్కకపోతే గదా బయటోడు పరిగెత్తాల్సింది!"

నేను సినిమా ఆపేశాను. తెర మీద ఆ మనిషి నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలిచిపోయాడు.

"అమ్మా, ఆ పొద్దు నువ్వు ఆ బంతి ఏంటికి నొక్కితివి?"

"ఉండానని చెప్పొద్దా? ఆ అబ్బి 'నొక్కితే మాకు తెలుస్తాది' అనె గదా. లోపలికి పోయినాక ఒకసారి నొక్కితి. వాడు ఉరుక్కుంటా వచ్చి బయటికి ఈడ్సె. మల్ల పంపె. మల్ల నొక్కితి, మల్ల ఈడ్సె. నేను బాగుండానని చెప్పేకొద్దీ వాడు ఈడుస్తాండాడు. నాకు లోపల ఏదో అయిపోతాండాది, వాళ్ళు నాతో చెప్పడం లేదనుకున్యా. దాంతో గుండె దడదడ కొట్టుకునె."

"మరి ఈ మాట ఆ రోజే చెప్పకపోతివే?"

"భయమని మీరే తేల్చిరి. నన్ను ఎవరడిగినారు?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమె చెప్పింది నిజమే, ఎవరూ అడగలేదు. పాతరలో గుంజితే క్షేమం, గుంజకపోతే ప్రమాదం. మిషనులో నొక్కితే ప్రమాదం, నొక్కకపోతే క్షేమం. మిషను అబ్బాయికి పాతర తెలియదు, అమ్మకు మిషను తెలియదు. రెండూ తెలిసిన నేను అద్దం ఇవతల పళ్ళు నూరుతూ కూర్చున్నాను. ఆమెను గట్టిగా వాటేసుకున్నాను. "ఇడు, ఉక్క పోస్తాండాది" అంది.

సంగతి తేలింది గాని కష్టం తీరలేదు. బంతి నొక్కకూడదని చెబితే అమ్మ చాలాసేపు ఆలోచించింది. "నొక్కకుండా ఎట్ల పండుకునేది పాపా? నేను ఉండానని ఎవరికీ తెలీకుండా అంతసేపు? అది సచ్చినట్లుండాది గదా" అంది. బుద్ధికి తెలిసినా, చిన్నప్పుడు చేతికి పట్టిన అలవాటు ఊరుకోదు. ఆ మోచేతుల మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. నేను కూడా ఆలోచించాను. అప్పుడు తోచింది. గుంజడం లోపలివాళ్ళ పనే కావాలని ఏముంది?

"నువ్వు గుంజొద్దు. నేనే గుంజుతా" అన్నాను.

సెంటరుకు ఫోను చేసి అడిగితే, ఒంటి మీద లోహపు వస్తువు ఏదీ లేకుండా లోపల పక్కన ఉండొచ్చన్నారు. తలా మెడా గొట్టంలో ఉన్నా పాదాలు బయటే ఉంటాయి. అమ్మకు చెప్పాను. "నీ బొటనవేలు పట్టుకుని ఉంటా. కాసేపటికోసారి నొక్కుతా. నొక్కినానంటే పైన పగ్గం నా చేతిలో ఉన్నట్టు. నువ్వు ఏమీ చేయొద్దు, ఊరికే తెలుసుకో."

"పట్టు లేని కాలు కాదు, కుడికాలు పట్టుకో" అంది అమ్మ. ఒప్పుకున్నట్టే.

మళ్ళీ కర్నూలు వెళ్ళాం. పొద్దున్నే ఉగ్గాని తిని, సెంటరుకు వెళ్ళి, మెడలో గొలుసూ చేతి గాజులూ జడపిన్నులూ అన్నీ సంచిలో వేశాను. ఆ అబ్బాయికి పాతర కథ చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు. "అవ్వా, అట్లయితే నువ్వు నన్ను పలకరిస్తాంటివా? నేనేమో భయపడి ఉరికొస్తాంటి" అని నవ్వాడు. బంతి మాత్రం చేతిలో పెట్టాడు, నిజంగా ఊపిరాడకపోతేనే నొక్కమని. ఇద్దరి చెవుల్లోనూ దూది కుక్కాడు. "మేడమ్, గుంజొద్దు, మెత్తగా ఒత్తండి. అవ్వ కదిలితే బొమ్మ చెడిపోతాది" అన్నాడు.

బల్ల జరిగింది. అమ్మ ముఖం లోపలికి వెళ్ళిపోయింది. నాకు మిగిలింది ఆమె పాదాలే. మడమల పగుళ్ళు, పసుపు రంగు తిరిగిన గోళ్ళు, పొలం గట్ల మీద నడిచి నడిచి వెడల్పయిన వేళ్ళు. బొటనవేలు పట్టుకున్నాను. చప్పుడు మొదలైంది. దూది పెట్టినా గుండెలో గుద్దినట్టుంది. ఒత్తాను. ఆగాను. ఒత్తాను.

ఇన్నేళ్ళుగా నేను సినిమాల్లో ఎప్పుడూ లోపలివాళ్ళతోనే ఉన్నాను. వాళ్ళతో జారాను, వాళ్ళతో పాకాను, వాళ్ళతో బయటపడ్డాను. బయట నిలబడినవాళ్ళు ఏం చేస్తుంటారో ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు తెలిసింది. లోపలివాళ్ళకు చేయడానికి ఏదో ఒక పని ఉంటుంది. బయటివాళ్ళకు పట్టుకుని ఉండటమే పని. అమ్మ కదలడం లేదు. కదలకూడదు. బాగుందో లేదో నాకు తెలియదు. మా తాత ఆ పాతర మూతి దగ్గర ఎలా నిలబడి ఉంటాడో ఆలోచించాను. నేనెన్నడూ చూడని ఆ మనిషి నాకు ఒక్కసారిగా దగ్గరైపోయాడు.

చప్పుడు మారింది. నా సినిమాల్లో చివరి పోరాటం ముందు ఇలాంటి చప్పుడే వస్తుంది. నిజం చెప్పాలంటే నా మనసు దాని వెంట కాస్త పోయింది కూడా. మళ్ళీ తేరుకుని ఒత్తాను. ఎంతసేపు గడిచిందో తెలియదు గాని గంట మాత్రం మోగలేదు. చివరికి మిషను ఆగింది. బల్ల బయటికి వచ్చింది. ఆ అబ్బాయి అద్దం అవతలి నుంచి చెయ్యెత్తి బొటనవేలు చూపించాడు. అమ్మ కళ్ళు తెరిచి, "అయిపోయెనా? ఇంతేనా?" అంది. నేను ఆ బల్ల అంచునే కూర్చుండిపోయాను.

సాయంత్రం డాక్టరు ఆ బొమ్మలను వెలుగులో పెట్టి చూపించాడు. మెడలో రెండు ఎముకల మధ్య నరం నొక్కుకుపోయి ఉంది. చోటు స్పష్టంగా తెలిసింది కాబట్టి ఆపరేషను చేసి విడిపించవచ్చన్నాడు. "సమయానికే వచ్చారు. అవ్వ మళ్ళీ మామూలుగా నడుస్తుంది" అన్నాడు. అమ్మ ఒంటిమిట్ట కల్యాణం నాటికి కుదురుతుందా అని అడిగింది. కుదురుతుందన్నాడు. నేను బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి, ఎవరు చూస్తే నాకేమని, బాగా ఏడ్చాను.

కడప బస్సులో సీట్లు దొరికాయి. అమ్మ ఈసారి కిటికీ వైపు తిరగలేదు. "నడుమ ఒకసారి నువ్వు ఒత్తడం మర్సిపోతివి" అంది.

ఆ చప్పుడు వెంట నా మనసు పోయిన సంగతి ఆమెకు తెలిసిపోయింది.

"భయమేసిందా అమ్మా?"

"ఏసింది. నీకేమన్నా అయిందేమో అనుకున్యా."

"మరి బంతి నొక్కొచ్చు గదా?"

"నొక్కబోతి. నిన్ను చూడమని చెప్పల్ల గదా ఆ అబ్బికి. అంతలోకే నీ వేలు తగిలె." ఆమె నా ఫోను వైపు చూసింది. "ఆ పొద్దు ఆపేస్తివే, ఆ సినిమా పెట్టు. వాడు తొట్టిలోంచి బయటికొచ్చెనో లేదో చూద్దాం."

పెట్టాను. నేను ఫోను పట్టుకున్నాను, ఆమె నా రెండో చెయ్యి పట్టుకుంది. ఆ మనిషి బయటపడేవరకు అమ్మ, గ్లాసు కూడా నిలవని ఆ ఎడమచేత్తోనే, కాసేపటికోసారి నా బొటనవేలిని ఒత్తుతూనే ఉంది.